తట్టితే పలకని పడవ

మా బావమరిది శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో చేపలు పడతాడు. ముచ్చుమర్రి వైపు చాలామంది గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో తిరుగుతారు గానీ వీడికి మోటారు బోటు మీద మోజు. కోస్తా నుంచి 16 అడుగుల పాత ఫైబర్ బోటు ఒకటి లారీలో వేయించుకొచ్చాడు. మొన్న వేసవిలో, నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో ఫోన్ చేశాడు. "బావా, రేసు చేస్తే మోటారు వెనక్కి వాలుతోంది. అది బిగించిన చెక్కే ఊగుతున్నట్టుంది."

నాకు కర్నూల్లో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. వార్నిష్, ఫైబర్ షీటు రోజూ చేతిలో ఆడేవే కదా, ఇదెంత పని అనుకున్నాను. పప్పులో కాలేశాను.

ఫైబర్ బోటు అంటే మొత్తం ఫైబరే అనుకుంటాం. ఇలాంటి పాత బోట్లలో బలమంతా లోపలి చెక్కది. మోటారు తగిలించే వెనక గోడలో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఫ్లోరు కింద ముందు నుంచి వెనక దాకా రెండు దూలాలు, వాటి మీద కూడా ఫైబర్ తొడుగు. ఫైబర్ కుళ్లదు. కానీ ఒక్క బోల్టు రంధ్రంలోంచి నీళ్లు దిగాయంటే ఇక బయటికి రావు. మూత పెట్టి మరిచిపోయిన క్యారియర్లో అన్నంలాగా చెక్క లోపలే పాడవుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

బేతంచెర్ల బండలు కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, పగులుంటే మోగదని. అలాగే చిన్న సుత్తితో వెనక గోడంతా తట్టాను. పై మూలల్లో టక్ టక్ అని గట్టిగా పలికింది. మోటారు బోల్టుల కింద నుంచి మాత్రం డబ్ డబ్ అని తడి గోనెసంచిని కొట్టినట్టే. అక్కడ డ్రిల్లు పెడితే పొడి పొట్టు రాలేదు, తడిసిన కాఫీ పొడి లాంటిది వచ్చింది. వెంటనే ఆ రంధ్రంలోంచి నల్లటి నీళ్లు సన్నటి ధారగా కారడం మొదలైంది. టీ తాగి వచ్చాక కూడా కారుతూనే ఉంది.

వెనక గోడ ఒక్కటే అనుకున్నవాణ్ణి, అనుమానంతో ఫ్లోరు కోసి దూలాల మీద అడుగుకో రంధ్రం వేశాను. ఎడమ దూలం వెనక నుంచి ఐదడుగులు పోయింది. కుడి దూలం మొత్తం పోయింది. మధ్యలో నింపిన ఫోమ్ నీళ్లు పీల్చి, పిండితే కారే స్థితిలో ఉంది. బోటు ఒడ్డుకి ఎక్కించడానికి నలుగురు ఎందుకు తొయ్యాల్సి వస్తోందో అప్పుడు అర్థమైంది.

కోసే ముందు బోటును కదలకుండా కూర్చోబెట్టడమే అసలు పని. లోపలి చెక్క తీసేస్తే బోటు బయటి డొల్ల వంకర పోతుంది, ఆ వంకర మీదే కొత్త చెక్క అతికిస్తే జన్మలో సరికాదు. పాత టైర్ల మీద బోటు పెట్టి, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలా లెవెల్ చూసి, అంచుకీ అంచుకీ అడ్డంగా కర్రలు బిగించాను. రెండు దూలాలూ ఒకేసారి తీయలేదు. ఒకటి పెట్టి, గట్టిపడ్డాకే రెండోది. వెనక గోడ ఆకారం, దాని వాలు అట్టముక్క మీద గీసి పెట్టుకున్నాను.

బయటి పొర చెక్కుచెదరకుండా లోపలి పొర మాత్రం గ్రైండర్‌తో కోశాను. కుళ్లిన ప్లైవుడ్‌కి ఉలి అక్కర్లేకపోయింది, గరిటెతో తోడేశాను. గట్టి చెక్క తగిలాక కూడా ఇంకో జానెడు కోశాను. ఇక ఆ ఫైబర్ దుమ్ము! మాస్కు, ఫుల్ చేతుల చొక్కా, కళ్లద్దాలు అన్నీ పెట్టుకున్నా మూడు రాత్రులు ఒళ్లంతా దురద. నా బట్టలు విడిగా ఉతుక్కోమని మా ఆవిడ తేల్చి చెప్పింది.

చెక్క విషయంలో వడ్రంగి ఆచారితో పెద్ద వాదన. "నీళ్లలో తిరిగేదానికి టేకు వెయ్యల్లప్పా, ప్లైవుడ్డు ఏంది?" అంటాడు. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. పైగా నిండు చెక్క అడ్డంగా ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది కాబట్టి ఫైబర్ ఊడొస్తుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 19 ఎంఎంవి రెండు అతికించి 38 చేద్దామన్నాను. ఆయన నమ్మలేదు. ఒక ముక్క కోసి నీళ్ల పొయ్యి మీద సాయంత్రం దాకా ఉడకబెట్టి చేతికిచ్చాను. వేలితో అంచులు గీకి చూశాడు, పొర లేవలేదు. ఏం మాట్లాడకుండా పెన్సిల్ తీసుకుని కొలతలు మొదలుపెట్టాడు.

డబ్బు మిగులుతుందని మొదట ఫైబర్ తలుపులు చేసేవాళ్ల దగ్గర పాలిస్టర్ రెజిన్ తెచ్చాను. రెజిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ నేరుగా కలిపితే పేలుతుందని, కోబాల్ట్ ముందే రెజిన్లో బాగా కలిపాకే క్యాటలిస్ట్ పొయ్యాలని అక్కడి కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. ఆ మాట విన్నాను. ఎండ సంగతే మరిచిపోయాను. మే నెల, పదకొండు గంటల వేళ, లీటరు రెజిన్లో రెండు శాతం క్యాటలిస్ట్ పోశాను. బ్రష్ రెండోసారి ముంచేసరికి మగ్గులో జున్నులా గడ్డకట్టింది. చూస్తుండగానే పొగలు, మగ్గు అడుగు కరిగి వంగిపోయింది. పరిగెత్తి మట్టిలోకి తోసేశాను.

పాత ఫైబర్‌కీ చెక్కకీ పట్టు కావాలంటే ఎపాక్సీ అనే ఇంకో రకం రెజినే మేలని చివరికి హైదరాబాద్ నుంచి తెప్పించాను. ఖరీదు ఎక్కువే. దాంతో పాటు నేసిన గ్లాసు గుడ్డ కొన్నాను. మామూలుగా వాడే మ్యాట్‌లో, అంటే నెయ్యకుండా పోగులు అతికించిన గ్లాసు చాపలో, ఆ పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, అందుకని మ్యాట్ సరిగ్గా తడవదు. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపేవాళ్లం. మగ్గు మానేసి వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా కలిపాం, వేడి ఒకచోట చేరకుండా.

ప్లైవుడ్ అన్ని వైపులా, ముఖ్యంగా అంచులకి, రెజిన్ తాగించాను. ఎపాక్సీలో మెత్తటి చెక్కపొడి కలిపి పుట్టీ చేసి పరిచి, దాని మీద పలక నొక్కి క్లాంపులు బిగించాం. మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది, అంచుల్లోంచి కొద్దిగా ఉబికితే చాలు. దూలాల్ని కూడా నేరుగా డొల్లకి ఆనించకుండా పుట్టీ పరుపు మీద కూర్చోబెట్టాం. మూలలన్నీ చెంచా వెనకవైపుతో గుండ్రంగా దిద్దాను. మూల కోసుగా ఉంటే గుడ్డ మడత తిరగదు, కింద గాలి ఉండిపోతుంది. పుట్టి వదిలి బోటు కొన్నందుకు రోజూ పుట్టీతో కుస్తీ అని మావాడు నవ్వేవాడు. నీళ్లు వెనక్కి పారడానికి దూలాల అడుగున పీవీసీ పైపు ముక్కలు పెట్టి చుట్టూ మూసేశాం. ఫ్లోరు అతికించిన రోజు బరువుకి మళ్లీ బేతంచెర్ల బండలే పనికొచ్చాయి.

నెల పట్టింది. నేను వారం అన్నాను.

మోటారు బిగించే రోజు మావాడు డ్రిల్లు పట్టుకుని తయారయ్యాడు. ఆపాను. కావాల్సిన దానికన్నా పెద్ద రంధ్రం వేసి, దాన్ని పుట్టీతో నింపి, అది రాయిలా అయ్యాక మధ్యలో బోల్టు సైజుకి మళ్లీ రంధ్రం వెయ్యాలి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్కే కనబడదు. "నాలుగు బోల్టులకి ఒక రోజంతానా బావా?" అన్నాడు. పాత గోడలోంచి తోడిన నల్లటి చెక్క ఇంకా వేపచెట్టు కింద బకెట్లో ఉంది. దాన్ని కాలితో వాడి వైపు జరిపాను. డ్రిల్లు కింద పెట్టి, పెద్ద బిట్టు ఎక్కడుందని అడిగాడు.