పగలే లైటు ఎందుకంటే

గుంటూరులో అరండల్‌పేట దాటేలోపు ఎవరో ఒకరు చెయ్యెత్తి వేళ్లు మూసి తెరుస్తారు. "మేడం, లైటు!" అని. స్కూటీ కొన్న కొత్తలో "ఆపడానికి దీనికి స్విచ్చే లేదండీ" అని చెప్పేదాన్ని. ఇప్పుడు తలూపి వెళ్లిపోతున్నా. ఇంజిన్ స్టార్ట్ చేయగానే లైటు దానంతటదే వెలగాలని 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకి రూలు పెట్టారు. ఇన్నేళ్లయినా ఆ వేళ్ల సైగ మాత్రం పోలేదు. పాపం, చెప్పేవాళ్లు మన మంచికే చెబుతారు.

మా వీధి మెకానిక్‌ది ఇంకో దారి. "స్విచ్ పెట్టేస్తా అక్కా, బ్యాటరీ మిగులుద్ది" అంటాడు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ ఛార్జవుతూనే ఉంటుంది కదా తమ్ముడూ అంటే నవ్వేస్తాడు. బ్రాడీపేట అడ్డరోడ్ల దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది ఆ లైటు విలువ. చెట్టు నీడలోంచి వచ్చే నల్ల బండి సన్నగా ఉంటుంది, ఎంత దూరంలో ఉందో, ఎంత స్పీడులో వస్తోందో అందదు. ఆటో తిప్పేవాడు అటు ఒక్క చూపు విసురుతాడు, అంతే. ఆ ఒక్క చూపులో మనం పడాలి.

నా అసలు గొడవ కార్లతో. ఉద్యోగం విజయవాడలో కాబట్టి ధనుర్మాసంలో కూడా పొద్దున్నే హైవే ఎక్కాల్సిందే. కాజ టోల్‌గేటు దాటాక మంగళగిరి కొండ కూడా కనపడనంత పొగమంచు ఉంటుంది కొన్ని రోజులు. పక్క లేన్లో పోయే కారుకి ముందు డీఆర్ఎల్, అంటే పగలు దానంతటదే వెలిగే లైటు, తెల్లగా మెరిసిపోతుంటుంది, వెనక చూస్తే చీకటి. చాలా కార్లలో డీఆర్ఎల్‌తో పాటు వెనక ఎర్ర లైట్లు వెలగవు మరి. లోపల డాష్‌బోర్డంతా వెలుగుతుంటుంది కాబట్టి నడిపేవాడు లైట్లన్నీ వేశాననే అనుకుంటాడు. చీకటి పడితే లైట్లు వాటంతటవే వెలిగే ఆటో మోడ్‌ని నమ్ముకున్నా అంతే. ఆ సెన్సర్‌కి తెలిసేది వెలుతురు ఒక్కటే, తెల్లారాక పొగమంచు కూడా దానికి వెలుతురే. చేత్తో నాబ్ తిప్పి డిమ్ లైటు వేస్తే వెనకవీ వెలుగుతాయి. హైబీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచు మీద పడి మన కళ్లలోకే కొడుతుంది. ఇక నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ పోయేవాళ్లు లేన్ మారుతున్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

స్వీడన్‌లో 1977 నుంచే పగలు కూడా బళ్లన్నీ లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. "వాళ్లకి ఎండ లేదు, మనకేం తక్కువ?" అంటారు మా ఆయన. పొద్దున విజయవాడ వైపు వెళ్తుంటే ఆ ఎండే సూటిగా కళ్లలో పడుతుంది. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు లైటు లేకపోతే మీదికి వచ్చేదాకా తెలీదు.

ట్రాక్టర్ల సంగతి సరేసరి. గడ్డి లోడు వెనక్కి వేలాడి, ఉన్న ఒక్క రిఫ్లెక్టర్‌నీ కప్పేస్తుంది. టీ కొట్టు దగ్గర ఒకాయన్ని అడిగితే, "ఎర్రగుడ్డ కట్టాం కదమ్మా" అన్నాడు. మంచులో ఆ గుడ్డ ఎవరికి కనపడుద్ది బాబాయ్?