ప్రతి జాబ్‌కీ ఒకే బిగింపు: వైస్‌ల దగ్గర నా అనుభవం

మా షాపులో వీఎంసీ (కంప్యూటర్ నడిపే మిల్లింగ్ మెషిన్) మీద ఒక అల్యూమినియం హౌసింగ్ నడిచేది. గోడలు పల్చన, మధ్యలో ఒక బోరు. మెషిన్ మీద ఉండగా బోర్ గేజ్ పెడితే గుండ్రంగా, సరిగ్గా సైజులో ఉండేది. వైస్, అంటే జాబ్‌ని (కోసే ముక్కని) రెండు దవడల మధ్య నొక్కి పట్టే పరికరం, వదులు చేసి బయటికి తీశాక, నొక్కుకుపోయిన గోడ వెనక్కి వచ్చి బోరు కోలగా మారేది. అన్ని జాబులూ ఒకేలా మారితే దానికో ఉపాయం ఆలోచించవచ్చు. ఇక్కడ పగలు షిఫ్టులో ఒకలా, రాత్రి షిఫ్టులో ఇంకోలా వచ్చేది. ప్రోగ్రాం అదే, టూల్ అదే, ఆఫ్‌సెట్ అదే. మారుతున్నది వైస్ హ్యాండిల్ పట్టుకునే చెయ్యి ఒక్కటే. సెట్టర్‌ని (మెషిన్‌ని పనికి సిద్ధం చేసేవాణ్ని) కాబట్టి దీని సంగతి తేల్చే పని నాకు పడింది.

"ఎంత బిగించాలో చేతికే తెలుస్తుంది తమ్ముడూ" అనేవారు మా సీనియర్ ఆపరేటర్. ఆయన విషయంలో అది నిజమే. ఆయన బిగించిన జాబులు వరసగా కొలిస్తే తేడా చాలా తక్కువ. కానీ ఆ చెయ్యి మిగతావాళ్లకు లేదు. 300 మి.మీ. హ్యాండిల్ చివర 20 కేజీల బలంతో లాగితే స్క్రూ మీద పడేది సుమారు 60 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). 35 కేజీలతో లాగితే వంద దాటుతుంది. ఇద్దరు మనుషుల మధ్య ఆపాటి తేడా మామూలే. ఆఖర్న హ్యాండిల్ మీద సుత్తితో ఒక దెబ్బ వేసే అలవాటుంటే ఇక లెక్కే అందదు.

క్లిక్ టార్క్ రెంచ్ తెచ్చాం, మనం పెట్టుకున్న టార్క్ రాగానే క్లిక్‌మనే పానా అది. వైస్ స్క్రూ తలకు సరిపోయే సాకెట్ వేశాం, హ్యాండిళ్లతో బిగించడం ఆపేశాం. తేడా సగానికి పైగా తగ్గింది గానీ పోలేదు. ఒకే వరుసలో ఉన్న రెండు వైస్‌లు, రెండింటికీ ఒకే క్లిక్, అయినా బోర్లు వేరుగా వస్తున్నాయి. జాస్ (వైస్ దవడలు) మధ్య లోడ్ సెల్ (నొక్కే బలాన్ని కొలిచే పరికరం) పెట్టి చూస్తేగానీ విషయం బోధపడలేదు. టార్క్ ఒకటే, నొక్కే బలం మాత్రం రెండు వైస్‌ల్లో రెండు రకాలుగా ఉంది.

టార్క్ రెంచ్ కొలిచేది స్క్రూని తిప్పడానికి పడే కష్టాన్ని. జాబ్‌ని నొక్కే బలాన్ని అది కొలవదు. మనం పెట్టే టార్క్‌లో ఎక్కువ భాగం స్క్రూ మరల (థ్రెడ్ల) దగ్గర, స్క్రూ ఆనే చోట రాపిడికే పోతుంది. బోల్టులకు వాడే లెక్కలో పొడి స్టీలుకి నట్ ఫ్యాక్టర్ (రాపిడిని కలుపుకున్న టార్క్ గుణకం) సుమారు 0.2 తీసుకుంటారు, గ్రీజు పెట్టినదానికి 0.15 దగ్గర. అంటే అదే టార్క్‌కి గ్రీజు ఉన్న స్క్రూ మూడో వంతు ఎక్కువ బలం ఇస్తుంది. వైస్ స్క్రూ బోల్టు కాదు, థ్రస్ట్ బేరింగ్ ఉన్నదానికీ లేనిదానికీ కూడా తేడా ఉంటుంది. అయినా సూత్రం అదే. మా రెండు వైస్‌లలో ఒకదాని స్క్రూ మీది గ్రీజుని కూలెంట్ (కోసేటప్పుడు చల్లబరిచే ద్రవం) కడిగేసింది, మరల మధ్య సన్నటి చిప్స్ ఇరుక్కున్నాయి. రెండోదాన్ని అంతకుముందే విప్పి శుభ్రం చేసి ఉన్నారు.

అందుకే నా దృష్టిలో ఈ పనిలో రెంచ్ వాటా చిన్నది, శుభ్రత వాటా పెద్దది. అన్ని వైస్‌లూ విప్పాం. స్క్రూ, నట్టు, బేరింగ్, మూవింగ్ జా జారే దారి, అన్నీ తుడిచి ఒకే రకం గ్రీజు పెట్టాం. "ఒకే రకం" అన్నది ముఖ్యం. గ్రీజు మార్చితే రాపిడి మారుతుంది, దాంతో పాత టార్క్ అంకెకు అర్థం మారిపోతుంది. ఇప్పుడు వారానికోసారి స్క్రూ చూడడం, లోడ్ సెల్‌తో ఒక్కో వైస్‌నీ పరీక్షించడం మా పనిలో భాగం. వాటి బలం ఒకదానికొకటి దగ్గరగా రాకపోతే ఆ వైస్ విప్పాల్సిందే.

అసలు ఎంత టార్క్ పెట్టాలి అన్నది ఇంకో ప్రశ్న. దీనికి పుస్తకంలో అంకె దొరకదు, జాబే చెప్పాలి. పల్చటి గోడకు డయల్ (సన్నటి కదలికని చూపే గేజ్) ఆనించి, కొద్దిగా బిగించి జీరో చేశాను. తర్వాత టార్క్ మెల్లగా పెంచుకుంటూ గోడ ఎంత లోపలికి పోతోందో చూశాను. రెండోవైపు కటింగ్‌కి ఎంత పట్టు కావాలో లెక్క వేయాలి. 10 కిలోన్యూటన్ల బలంతో నొక్కితే, జాకీ జాబ్‌కీ మధ్య రాపిడి 0.2 అనుకుంటే, రెండు జాస్ కలిసి 4 కిలోన్యూటన్ల దాకా జారకుండా పట్టుకుంటాయి. రఫింగ్‌కి (ముందు ముతకగా కోయడానికి) 70, ఫినిషింగ్‌కి (చివరి సన్నటి కోతకి) 25 న్యూటన్ మీటర్ల దగ్గర స్థిరపడ్డాం. ఇవి మా వైస్‌కీ మా జాబ్‌కీ మాత్రమే, ఇంకొకరు వాడితే పని జరగదు. రఫింగ్ అయ్యాక వైస్ పూర్తిగా వదులు చేసి, లోపలి ఒత్తిడిని విడిచిపెట్టనిచ్చి, మళ్లీ తక్కువ టార్క్‌తో బిగించి ఫినిషింగ్ కట్ తీస్తాం. బోరు కోలగా రావడం తగ్గింది ప్రధానంగా దీనివల్లే.

అదే సమయంలో ఫిక్స్‌డ్ జా వెనక కూడా ఒక డయల్ పెట్టి చూడండి. ఫిక్స్‌డ్ అని పేరే గానీ, బిగించే కొద్దీ అది కూడా కొన్ని మైక్రాన్లు వెనక్కి వాలుతుంది. కాబట్టి ఆ జా నుంచి వర్క్ జీరో (కొలతలు మొదలయ్యే బిందువు) తీసుకునేటప్పుడు కూడా, జాబ్ నడిచే టార్క్‌తోనే బిగించి తీసుకోవాలి. సాఫ్ట్ జాస్ (జాబ్ ఆకారానికి తగ్గట్టు కోసుకునే మెత్తటి దవడలు) కోసేటప్పుడూ ఇదే నియమం.

రెంచ్ లాగే పద్ధతిని ఆపరేటర్లతో కలిసి కూర్చుని ఖరారు చేశాం. ముందు పారలల్స్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) మీద జాబ్ పెట్టి తేలిగ్గా బిగించడం, నైలాన్ సుత్తితో తట్టి కూర్చోబెట్టడం, తర్వాత ఒకే నెమ్మదైన లాగుడుతో క్లిక్ దాకా రావడం. విసురుగా లాగితే క్లిక్ వినపడేలోపే స్క్రూ దాటిపోతుంది. దాటిందని అనుమానం వస్తే అలాగే వదలకూడదు, పూర్తిగా వదులు చేసి మళ్లీ మొదటినుంచి రావాలి. ఇప్పటికే బిగిసి ఉన్న స్క్రూ మీద ఇంకోసారి క్లిక్ కొట్టి "సరిగ్గానే ఉంది" అనుకోవడం కూడా ప్రమాదమే. ఆగి ఉన్న స్క్రూని కదిలించడానికి ఎక్కువ టార్క్ కావాలి, అందుకని స్క్రూ కదలకుండానే క్లిక్ వస్తుంది. అది బిగింపు ఎంతుందో చెప్పదు. చివర్లో పారలల్స్ వేలితో కదిపి చూస్తాం. కదిలితే జాబ్ లేచినట్టే.

రెంచ్ విషయంలో నాకు ఆశ్చర్యం కలిగించింది క్యాలిబ్రేషన్. ఐఎస్ఓ 6789 (టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం, 10 న్యూటన్ మీటర్లకు పైబడిన క్లిక్ రెంచ్‌కి అనుమతించే తేడా 4 శాతం అటూ ఇటూ. వాడేవాళ్లకు వేరే పద్ధతి లేకపోతే 12 నెలలకోసారి గానీ 5000 సార్లు వాడాక గానీ తిరిగి పరీక్షించాలి. గ్యారేజీలో ఏడాది సరిపోవచ్చు. వైస్ దగ్గర రోజుకి 200 క్లిక్కులు పడితే 25 రోజుల్లో 5000 అయిపోతాయి. చాలామంది సర్టిఫికెట్ మీద తేదీ చూసి నిశ్చింతగా ఉంటారు, లెక్కపెట్టాల్సింది క్లిక్కుల్ని. పని అయ్యాక సెట్టింగ్‌ని స్కేలులో కనిష్ఠానికి తగ్గించి పెట్టడం, వైస్ వదులు చేయడానికి దాన్ని వాడకపోవడం కూడా మా బోర్డు మీద రాసి ఉంది. వదులు చేయడానికి మామూలు హ్యాండిలే.

ఇప్పుడు బోర్లు ఏ షిఫ్టులో చూసినా ఒకేలా వస్తున్నాయి. ఇంకా చికాకు పెడుతున్నది రంపంతో కోసిన ముడి బ్లాకులు. అంచులు గరుకుగా ఉండడంతో మొదటి బిగింపులో ఆ గరుకంతా నలిగి, కొంతసేపటికి బలం పడిపోతుంది. క్లిక్ సరిగ్గానే వచ్చి ఉంటుంది, అయినా జాబ్ జారుతుంది. ప్రస్తుతానికి మొదటి రఫ్ కట్ తర్వాత మెషిన్ ఆపి, వదులు చేసి మళ్లీ బిగిస్తున్నాం. దానికి పట్టే సమయం మీద మా సూపర్‌వైజర్‌కి అభ్యంతరం ఉంది, కాబట్టి ముందుగానే రెండు అంచులు ఫేస్ చేసిన (మెషిన్ మీద చదును చేసిన) బ్లాకుల్ని ఇవ్వమని స్టోర్స్‌ని అడిగాను.