మెరక చేయని ఇల్లు

పొద్దున్నే తాపీ మేస్త్రి గారు వచ్చి స్థలమంతా తిరిగి చూశారు. "ముందు మట్టి తోలించి రోడ్డు మట్టానికి మెరక చేయించెయ్యండి. మెరక లేకుండా ఇల్లేంటండి, ఆయ్!" అన్నారు. కోనసీమలో ఇప్పుడు ఎవరు ఇల్లు కట్టినా మొదటి ఖర్చు అదే.

నాకు మాత్రం మనసొప్పలేదు. వానొస్తే వీధి నీళ్లు చేరేది మా ఈశాన్యం మూలకే. అది పూడిస్తే ఆ నీళ్లు పక్కన బాబాయ్ గారి దొడ్లోకి పోతాయి. ఆయనా మెరక చేస్తే, ఆ తర్వాతి ఇంట్లోకి. ఇలా ఒకరిని చూసి ఒకరు ఎత్తుకుంటూ పోబట్టే మా వీధిలో పాత ఇళ్లన్నీ గుంటలో పడ్డాయి.

అందుకని ఆ మూలే ఇంకాస్త తవ్వి చిన్న చెరువులా చేసి, నిండితే బోదె కాలువలోకి పోయేలా తూము పెడదామన్నాను. ఈశాన్యం పల్లం వాస్తుకు మంచిదేనని అమ్మ వెంటనే ఒప్పుకుంది. తవ్విన మట్టి ఇంటి పునాదుల మధ్యకే సరిపోతుంది, బయట కొనక్కర్లేదు. మాది లంక మట్టి, ఇసుక పాలు ఎక్కువ. పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొడితే గట్టిగా కూర్చుంటుంది. నల్లరేగడి అయితే ఈ పని చేయకూడదు, తడికి ఉబ్బి గచ్చు పగలగొడుతుంది. 1986 ఆగస్టు వరద ఎంతవరకు వచ్చిందో నాన్నగారు పాత ఇంటి గోడ మీద గీత గీసి ఉంచారు. కొత్త గచ్చు దానికి పైనే ఉండాలి.

కప్పు దగ్గర చాలాసేపు వాదన అయింది. 1996 నవంబరు తుఫాను చూశాక అమ్మకి పెంకుటిల్లంటే భయం. మామూలు శ్లాబేమో ఎండాకాలం అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు విరివిగా వాడిన ఫిల్లర్ శ్లాబ్ గురించి చెప్పాను. శ్లాబ్ అడుగు భాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుమే, అక్కడి కాంక్రీటు చాలావరకు ఉత్త బరువు. ఆ చోట రెండేసి పెంకులు బోర్లించి పెడితే సిమెంటు తగ్గుతుంది, మధ్యలో ఉండిపోయే గాలి వేడిని కొంత ఆపుతుంది. పెంకులు మాత్రం ముందే బాగా నానాలి, లేకపోతే కాంక్రీటులో నీళ్లు పీల్చేస్తాయి. పాత ఇంటి పెంకులు మళ్లీ మన నెత్తి మీదికే వస్తాయంటే అమ్మ ముఖం వెలిగిపోయింది.

పైరగాలికి దక్షిణం కిటికీలు, ఎదురుగా ఉత్తరాన మరికొన్ని. పడమట మెట్లు, స్నానాల గది, సామాన్ల గది. ఆ పక్క కొబ్బరిచెట్లు ఉన్నా లాభం లేదు, నాలుగు గంటల ఎండ మొదళ్ల మధ్య నుంచే గోడ మీద పడుతుంది. గుబురుగా పెరిగే సపోటా వేయాలి.

సాయంత్రం బాబాయ్ గారు వచ్చి చెరువు సంగతంతా విన్నారు. "మా దొడ్డి నీళ్లు కూడా అందులోకే వదులుకోనా, అబ్బాయ్?" అన్నారు. సరేనన్నాను. తూము ఇంకాస్త పెద్దది వేయించాలి.