గుప్పెడు ఇసుక

ఆదివారం. మధ్యాహ్నం రెండయ్యేసరికి సత్యనారాయణపురంలో మా వీధిలో కుక్క కూడా లేదు, అంత ఎండ. సెలవులకొచ్చిన అక్క కొడుక్కి నా చిన్నప్పటి పిచ్చి అంటిద్దామని 1981 నాటి 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' సినిమా పెట్టాను. నాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు, రిమోట్ మాత్రం గుప్పిట్లోనే.

నాకు ఆ మొదటి ఘట్టం చాలు. పాడుబడ్డ గుడిలో దిమ్మ మీద బంగారు బొమ్మ. దాని ముందు హీరో ఇసుక సంచి పట్టుకుని, దిమ్మకు బరువు తేడా తెలియకూడదని గడ్డం నిమురుకుంటూ లెక్క చూసుకుంటాడు. బరువెక్కువైందనుకుని గుప్పెడు ఇసుక తీసేస్తాడు. చటుక్కున బొమ్మ లాగి సంచి పెడతాడు. కాసేపు ఏమీ కాదు. తర్వాతే దిమ్మ కిందికి దిగడం మొదలవుతుంది. అందరూ వెనకాల దొర్లుకొచ్చే బండరాయి గురించి చెబుతారు గానీ, నాకు ఆ ఏమీ కాని కాసేపే ప్రాణం.

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నోరు ఊరుకోదుగా. "బంగారం సాంద్రత 19.3 రా, ఇసుకది రెండు కూడా ఉండదు. గట్టి బంగారమైతే దానికి పది బొమ్మలంత సంచి కావాలి. ఈయనేమో ఉన్నది తీసేస్తున్నాడు!"

"మరి ఆ బండరాయో, మావయ్యా?"

"ఫైబర్‌గ్లాస్‌ది. హీరో పరుగు మాత్రం నిజం, పదిసార్లు పరిగెత్తాడట."

వాడి మొహం చిన్నబోయింది. చెప్పకుండా ఉండాల్సింది.

"ఊబి లేదా ఇందులో?" నాన్న సగం నిద్రలో. ఆయన దృష్టిలో సాహసమంటే విలన్ నిలువునా మునిగి టోపీ మిగలాలి. ఊబి మనిషి కంటే రెట్టింపు సాంద్రమనీ, నడుము దాకా పట్టి బిగించేస్తుందే గానీ తలదాకా మింగదనీ చెప్పబోయాను. అప్పటికే గురక.

వాడికి బండరాయి మళ్ళీ చూడాలట. తాతయ్య కళ్ళజోడు పెట్టె తెచ్చాడు. చేత్తో ఎగరేసి చూసి, పెదవి విరిచి, మూత తీసి రెండు రూపాయి బిళ్ళలు వేశాడు. గడ్డం కూడా నిమురుకున్నాడు, దొంగవెధవ. రిమోట్ మెల్లగా లాగి, పెట్టె దూర్చాడు.

ఏమీ కాలేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

నాన్న కళ్ళు తెరవలేదు. చెయ్యి ఒకసారి ఆడించారు, అంతే.

"ఒరేయ్, నా రిమోట్‌లో చిల్లర ఎవడు వేశాడ్రా?"