పర్డ్యూ జట్టు తొలి నెల ఆట

2023 మార్చిలో అమెరికా కాలేజీల జాతీయ టోర్నీ (NCAA)లో తన విభాగంలో మొదటి సీడ్‌గా, అంటే అగ్ర ర్యాంకుతో బరిలోకి దిగి, అట్టడుగు ర్యాంకైన 16వ సీడ్ ఫెయర్లీ డికిన్సన్ చేతిలో 63-58 తేడాతో ఓడి తలవంపులు తెచ్చుకున్న పర్డ్యూ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు ఇదేనా అని అదే ఏడాది నవంబరు ఆట చూసిన అభిమానులకు అనిపించక మానలేదు. హవాయిలోని లహైనా పట్టణంలో చెలరేగిన కార్చిచ్చు కారణంగా హోనలూలూకు తరలించిన మౌయి టోర్నీలో గొంజాగా, టెనెసీ, మార్కెట్ (Marquette) జట్లను వరుసగా మూడు రోజుల్లో ఓడించి కప్పు గెలవడం ఆషామాషీ విషయం కాదు.

7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ చుట్టూ ఇద్దరు, ముగ్గురు మూగినప్పుడు అంతకుముందు సీజన్‌లో జట్టంతా తడబడేది. ఈ 2023-24 సీజన్‌లో అతను బంతిని తలపైన పట్టుకుని, తొందరపడకుండా ఒక్క క్షణం ఆగి, బయట ఖాళీగా నిలబడ్డ సహచరుణ్ణి చూసి అందించాడు. రెండో ఏడాదికి వచ్చిన బ్రేడెన్ స్మిత్‌లో నిలకడ పెరిగింది. సదరన్ ఇల్లినాయ్ నుంచి వచ్చిన లాన్స్ జోన్స్ దూకుడు, నా దృష్టిలో, ఆ జట్టుకు అన్నాళ్లూ కొరవడిన దినుసు.

అయితే డిసెంబరు 1న నార్త్‌వెస్టర్న్ జట్టు సొంత గడ్డపై, అదనపు సమయంలో పర్డ్యూ 92-88తో ఆ జట్టు చేతిలో ఓడిన తీరు మింగుడుపడలేదు. ఈడీ ఒక్కడే 35 పాయింట్లు చేసినా, అవతలి జట్టు గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) బూ బూయీని కట్టడి చేయగలిగినవాడే కనిపించలేదు. రెఫరీల మీద నెపం వేయడానికీ వీల్లేదు, ఫౌల్‌కు బదులుగా ఇచ్చే ఫ్రీత్రోలు మనకే ఎక్కువగా దక్కాయి! చురుకైన గార్డులను అడ్డుకోవడంలో ఉన్న ఈ లోపాన్ని కోచ్ మాట్ పెయింటర్ మార్చిలో జరిగే జాతీయ టోర్నీలోపు సరిదిద్దాల్సి ఉండింది.