షుగర్ ఉందా అంటే రెండు చెంచాలంది

ఓఈటీ అంటే విదేశాల్లో పనిచెయ్యాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష. మొదటిసారి అది రాసినప్పుడు వినడం, చదవడం, రాయడం మూడూ గట్టెక్కాయి. మాట్లాడే దగ్గర బోల్తా పడ్డాను. 320 వచ్చింది. ఇంగ్లండులో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే స్పీకింగ్‌లో బి గ్రేడు, అంటే 350 కావాలి. మళ్లీ రాయాలంటే మళ్లీ ఫీజు. అమ్మ కువైట్‌లో పదకొండేళ్లు వంటపని చేసి పంపిన డబ్బుతో చదువుకున్నదాన్ని. ఇంకోసారి కట్టాలమ్మా అని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మాది రాజోలు దగ్గర ఊరు. డ్యూటీ పాలకొల్లులో. రోజూ చించినాడ వంతెన దాటి బస్సులో వెళ్లొస్తాను. ఆన్‌లైన్ కోచింగ్‌లో మాట్లాడే వంతు పదిహేను రోజులకోసారి వచ్చేది. అదీ నైటు డ్యూటీ రోజే పడేది. మా సీనియర్ అక్క ఒకావిడ చెప్పింది, "ఫోన్‌లో చాట్‌బాట్ ఉందిగా, దాన్ని పేషెంటుని చేసి మాట్లాడవే" అని.

ఆ పరీక్ష అలాంటిదే మరి. మొత్తం 20 నిమిషాలు. మొదట కాసేపు మీ గురించి అడుగుతారు, దానికి మార్కులుండవు. తర్వాత రెండు రోల్‌ప్లేలు. ఒక్కోదానికి ఒక కార్డిస్తారు, 3 నిమిషాలు చూసుకోవాలి, 5 నిమిషాలు మాట్లాడాలి. మనం నర్సు, అవతలివాళ్లు పేషెంటో, పేషెంటు తాలూకు మనిషో. వాళ్లు మార్కులు వెయ్యరు. రికార్డింగు విని వేరేవాళ్లు వేస్తారు.

మా ఇంట్లో సిగ్నల్ డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కనే బాగుంటుంది. రాత్రి తొమ్మిదికి అక్కడ కూర్చుని మొదలుపెట్టాను. పేషెంటు పేరు, వయసు అడిగి, ధీమాగా "డూ యూ హేవ్ షుగర్?" అన్నాను. అది ఎంతో మర్యాదగా, "యెస్, టీలో రెండు చెంచాలు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వార్డులో రోజుకి వందసార్లు అడిగే మాట. ఆ రాత్రే ఒక నోటు పుస్తకం తీసి ఇలాంటివన్నీ రాసుకున్నాను. షుగర్, మోషన్స్, గ్యాస్ పట్టెయ్యడం, నీరసం. వీటిని ఇంగ్లండు ముసలావిడకి అర్థమయ్యేలా ఎలా అడగాలో ఒక్కోటీ దాన్నే అడిగి తెలుసుకున్నాను. చాట్‌బాట్ వల్ల నాకు జరిగిన అసలు మేలు ఇదీ, భయం పోవడమూ. ఒకే ప్రశ్న పదిసార్లు తడబడుతూ అడిగినా విసుక్కోదు. కింద బట్టలు మడతపెడుతూ అమ్మ, "ఆవిడకేం పనుండదేంటే, ఎన్నిసార్లడిగినా అంత నెమ్మదిగా చెబుతోంది!" అనేది.

వారం తర్వాత నా తప్పులు చెప్పమంటే, "మీరు 'ఐ' అనే మాట మరీ ఎక్కువసార్లు వాడుతున్నారు" అంది. నేనెప్పుడన్నానా అని స్క్రీన్ మీద అది రాసుకున్న నా మాటలు చూస్తే నిజంగానే వరసగా ఐ, ఐ, ఐ. అది పేషెంటుగా బాధ చెప్పుకుంటుంటే నేను "ఆయ్... ఆయ్..." అంటూ విన్నానన్నమాట! మా వైపు పుట్టినవాళ్ల నోట్లోంచి దాన్ని తీసెయ్యడం ఎవరి తరం? దాని బదులు "ఐ సీ" అనడం అలవాటు చేసుకోడానికి నెల పట్టింది.

నా "ఆయ్"ని అలా మార్చేసిందంటే మిగతా మాటల్ని ఏం చేస్తోందోనని అనుమానం వచ్చింది. కావాలని "ఇస్టమక్" అన్నాను. "స్టమక్" అని శుభ్రంగా రాసుకుంది. "హీ డోంట్ టేక్" అంటే దిద్దేసి "డజంట్" వేసింది. నా ఉచ్చారణ ఎలా ఉందంటే, చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుంది. మార్కులు వెయ్యమంటే ప్రతిసారీ బి పైనే. ఇక ఆ మార్కులు అడగడం మానేశాను. నా మాటల్ని ఫోన్ రికార్డర్‌లో పట్టి మర్నాడు బస్సులో విన్నాను. పాలకొల్లు వచ్చేసరికి నా మీద నాకే చిరాకేసింది. కండక్టరు స్టేజీల పేర్లు చదివినట్టుంది నా ఇంగ్లీషు.

ఇంకో చిక్కేంటంటే అది మరీ మంచి పేషెంటు. సిగరెట్లు మానెయ్యాలి అంటే "థాంక్యూ, మానేస్తాను" అనేస్తుంది. ఎవరు మానేస్తారండీ అలా? అందుకని ముందే చెప్పి పెట్టేదాన్ని: "నువ్వు 58 ఏళ్ల లారీ డ్రైవరువి. కాలి పుండు మానకుండానే ఇంటికెళ్లిపోతానంటావు. కారణం నేనడిగేదాకా చెప్పకు. రెండు వాక్యాలకి మించి మాట్లాడకు. మధ్యలో నన్ను దిద్దకు." 5 నిమిషాలకి ఆపమన్నా దానికి టైము తెలిసేది కాదు, పక్కన అలారం పెట్టుకున్నాను. ఇంత చేసినా నాలుగో మాటకి మెత్తబడిపోయేది.

అసలు మొండి పేషెంటు ఇంట్లోనే ఉందని ఒక ఆదివారం తెలిసింది. అమ్మ బీపీ మాత్రలు సగానికి సగం డబ్బాలో అలాగే ఉన్నాయి. గయ్యిమన్నాను. "పక్షవాతం వస్తే ఎవరు చూస్తారే?" అన్నాను. అమ్మ మాట్లాడకుండా కొబ్బరి కోరుకుంటోంది. కాసేపటికి తనే, "వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయే. చెరువు మెట్ల మీద పడబోయాను. నువ్వడిగావా?" అంది.

అడగలేదు. ఓఈటీ స్పీకింగ్‌లో తొమ్మిది అంశాలు చూస్తారు. నాలుగు భాషవి, ఐదు పేషెంటుతో ఎలా మాట్లాడామన్నవి. పేషెంటు ఏమనుకుంటున్నాడో కనుక్కోవడం ఆ ఐదులో ఒకటి. మూడు నెలలుగా నేను ఆ నాలుగే రుద్దుతున్నాను. "ఐ అండర్‌స్టాండ్ హౌ యూ ఫీల్" అని రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులా అనేసి, వెంటనే సలహాలు గుప్పించేదాన్ని. అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మాత్ర మార్పించాం. ఆ తర్వాత డాబా మీద ప్రతి రోల్‌ప్లేలోనూ సలహా చెప్పే ముందు ఒక ప్రశ్న అడిగి, నోరు మూసుకుని ఆగడం నేర్చుకున్నాను. ఆగితే అది నా వంతు అయిపోయిందనుకుని అందుకునేది, అదో తలనొప్పి. అందుకే చివరి పది రోజులు మా సీనియర్ అక్కనే ఫోన్‌లో పేషెంటుని చేశాను.

పరీక్ష కార్డుల్లో ఏమొచ్చిందో బయట చెప్పకూడదు. రెండో దాంట్లో ఆవిడ ఒక చోట మాట ఆపేసింది. నేనూ ఆగాను. నాలుక చివర "ఆయ్" ఆడింది, మింగేశాను. అప్పుడు ఆవిడే అసలు సంగతి చెప్పింది.

స్పీకింగ్ 370. ఫోన్ పట్టుకుని కిందికి పరిగెత్తి అమ్మకి చెప్పాను. కళ్లు తుడుచుకుని, ఫోన్ వైపు చూపిస్తూ, "పాపం ఆవిడకి కూడా చెప్పవే" అంది.