ఐదుకు సున్నా దశాంశం ఎనిమిది

సంక్రాంతి వెళ్ళిన వారానికి గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. ఆ భాగం ఇంతకన్నా చెప్పను, మగతలో గడిచిపోయింది. డాక్టరు నడవమన్నాక మా అమ్మాయి గుండె వేగం చూపే చేతి గడియారం కొనిపెట్టింది.

తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు వెళ్ళి రావడం, దాదాపు రెండున్నర కిలోమీటర్లు. చొక్కా తడిసేది. గడియారం మాత్రం ‘ఏరోబిక్ ప్రభావం 0.8’ అనేది. ఐదుకు! లెక్కల మాస్టారిని, ఆ మార్కులు తెచ్చిన పిల్లలను నేనేమనేవాడినో గుర్తొచ్చి సిగ్గేసింది.

మార్కులు పెంచుకుందామని ఒక శుక్రవారం ఇంద్రకీలాద్రి మెట్లు గబగబా ఎక్కాను. తొడలు మండాయి, కళ్ళు తిరిగాయి, పసుపు పూసిన మెట్టు మీదే కూలబడ్డాను. పక్క మెట్టుకు బొట్లు పెడుతున్న ఒకావిడ మంచినీళ్ళ సీసా అందించి, “నిదానంగా బాబాయిగారూ” అంది. అప్పుడు కూడా, ఇలాంటి ఒక్క ఉదుటు శ్రమకు గడియారం విడిగా వేసే మార్కు, అనేరోబిక్ ప్రభావం, 0.0.

డాక్టరు ముందు చీవాట్లు పెట్టి, తరువాత నవ్వారు. “మాస్టారూ, మీరు వేసుకునే మెటోప్రొలాల్ పనే గుండెను పరుగెత్తనివ్వకపోవడం. ఆ సంగతి గడియారానికేం తెలుసు?”

అది 220లోంచి నా 52 ఏళ్ళు తీసేసి, గరిష్ఠ వేగం 168 అనుకుంటోంది. వ్యాయామం తరువాత ఒళ్ళు తేరుకోవడానికి ఎంత అదనపు ఆక్సిజన్ లాగుతుందో గుండె వేగాన్ని బట్టి అంచనా కట్టి మార్కులు వేస్తుంది. నిలకడగా ఎక్కువసేపు శ్రమిస్తే ఏరోబిక్ మార్కు పెరుగుతుంది. వేగం ఒక్కసారిగా ఎగసి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎగస్తే అనేరోబిక్ మార్కు. మాత్ర నా గుండెను ఎగసిపడనివ్వదు. కండరాలు ఆక్సిజన్ చాలక మండిపోతున్నా గడియారం కంటికి నేను షికారు చేస్తున్నట్టే.

మాత్ర వేసుకున్నాకే ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. గరిష్ఠం 132. విశ్రాంతిలో 56. మధ్య ఉన్న 76లో నలభై నుంచి డెబ్బై శాతం తీసుకుని 56కు కలిపితే 86 నుంచి 109. నా హద్దులవి. గడియారంలో 168 చెరిపి 132 పెట్టాను. మర్నాడు అదే బ్యారేజీ, అదే నడక, 2.1 వచ్చింది. ఉన్న సత్తువ నిలుపుకునే మెట్టు.

మే నెలలో 2.6 కూడా వచ్చింది గానీ లెక్కలోకి తీసుకోలేదు. ఒళ్ళు చల్లబరచడానికి చర్మానికి రక్తం తోలాలి కనుక, అడుగు వేగం పెరగకపోయినా నాడి పెరుగుతుంది. ఆ మార్కులు బెజవాడ ఎండవి.

నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ సరైన వేగమని డాక్టరు చెప్పారు. నాకు పాట ఎలాగూ రాదు. అందుకని మా ఆవిడ ఎక్కాలు అడుగుతుంది.

“పదిహేడు ఏడులు ఎంతండీ?” అంది నిన్న, బ్యారేజీ సగం దాటాక.

“నూట పదహారు” అన్నాను, ఆయాసం లేకుండా.

“అది చదివింపుల లెక్క” అంది.